గుమ్మం ముందు గొయ్యి

శరణార్థుల సెటిల్‌మెంటు వదిలి చుట్టుపక్కల ఊళ్ళలోకి పోయే ప్రతివాళ్ళకీ ఏదో ఒక కారణం ఉంటుంది. ఒకడికి ఇచ్చిన జాగాలో రాయి తప్ప మట్టి కనపడదు. ఒకావిడకి బోరింగు దగ్గర రోజూ ఎవరితోనో జుట్టూ జుట్టూ పట్టుకోవాల్సి వస్తుంది. ఇంకొకడికి పిల్లలు ఎదిగొచ్చారు, ఒకే టార్పాలిన్ కింద అందరూ పడుకోవాలంటే సిగ్గు. అంజోవా మాత్రం తల్లి సమాధి కోసం వెళ్ళింది. అప్పటికి తల్లి బతికే ఉంది.

బతికే ఉండడం కాదు, నోరు కూడా దివ్యంగా ఆడుతోంది. కాళ్ళు వాచి, కళ్ళు మసకబారి, పళ్ళన్నీ ఊడినా మింద్రా నోటికి మాత్రం ఏ జబ్బూ రాలేదు. ఒక పొద్దున నువ్వుల ముద్ద చప్పరిస్తూ కూతుర్ని పిలిచింది.

"ఇదిగో, చెప్తున్నా విను. నన్ను ఆ వరసలో పెట్టావంటే ఊరుకోను."

"పోయాక ఏం చేస్తావే అమ్మా?"

"దయ్యమై వచ్చి నీ గంజికుండలో కూర్చుంటా. ఎంత కలిపినా ఉండలు కడతాయి."

వరస అంటే సెటిల్‌మెంటు శ్మశానం. ఆఫీసువాళ్ళు తాళ్ళు కట్టి గీతలు గీసి, బళ్ళో పిల్లల్ని నిలబెట్టినట్టు శవాలను పూడ్పించే చోటు. ఎవరి తల పక్కన ఎవరి కాళ్ళున్నాయో తెలీదు. పక్కనున్నవాడి భాష కూడా తెలీదు. కర్ర శిలువలు పాతితే ఒక్క వానాకాలంలో చెదలు తినేస్తాయి, ఆ తర్వాత అక్కడ మేకలు మేస్తాయి. మా మాదీ తెగవాళ్ళలో చనిపోయిన మనిషిని ఇంటి గుమ్మం ముందే పెట్టుకుంటాం. గిన్నెలు కడిగే చప్పుడు, పిల్లల్ని తిట్టే చప్పుడు, తాగొచ్చిన కొడుకు తలుపు తన్నే చప్పుడు, అన్నీ వాళ్ళకి వినపడాలి. చుట్టూ రాళ్ళు పేర్చుకుంటాం. సాయంత్రం ఆ రాళ్ళ మీదే కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. చచ్చిపోయినవాళ్ళు ఇంట్లోనుంచి వాకిట్లోకి మారతారు, అంతే.

మరి టార్పాలిన్ గుడిసెకి గుమ్మం ఎక్కడిది? ఆ జాగా ఆఫీసుది. అక్కడ పూడ్చడానికి ఒప్పుకోరు. అందుకని అంజోవా, కూతురు రోజ్‌ని బడి కోసమూ రేషన్ కోసమూ సెటిల్‌మెంటులోనే తన వేలువిడిచిన అక్క దగ్గర వదిలి, ముసలిదాన్ని అద్దె మోటారుసైకిలు, బోడా మీద ఎక్కించుకుని, ఒడిలో ఒక కోడిపెట్టని పెట్టుకుని వుచిరి ఊరికి బయల్దేరింది.

వుచిరి పరాయివాడు కాదు. ఈ నేలకీ మా నేలకీ మధ్య గీత ఎవడో తెల్లవాడు గీశాడు గానీ, గీతకి ఇటూ అటూ ఒకే భాష, ఒకే తిట్లు, ఒకే వంశాల పేర్లు. ఏ వైపు తుపాకులు పేలితే ఆ వైపువాళ్ళు రెండోవైపుకి పరిగెత్తడం మాకు తాతల కాలం నుంచీ అలవాటే. అంజోవా ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇక్కడివాళ్ళంతా అలా పారిపోయి మా పాగేరి వైపు వచ్చారు. అప్పుడు మూతి మీద మీసం కూడా సరిగ్గా రాని వుచిరి, ముసలి తండ్రి లులువాని వీపున మోసుకుని మింద్రా వాకిట్లో దిగాడు. వంశం ఒకటే కదా అని మింద్రా మొగుడు వాకిట్లో సగం వాళ్ళకి ఇచ్చేశాడు. వుచిరి అతన్ని అన్నయ్యా అన్నాడు, మింద్రాని వదినా అన్నాడు. లులువా జ్వరంతో అక్కడే పోయాడు. అతన్ని ఎక్కడ పెట్టాలని ఎవరూ సభ పెట్టలేదు. గాదె పక్కన మింద్రా మొగుడే పార పట్టుకుని గొయ్యి తవ్వాడు. రాళ్ళు మింద్రా ఏరుకొచ్చింది. వుచిరివాళ్ళు కొన్నేళ్ళకి తమ ఊరు తిరిగి వెళ్ళిపోయినా, పండక్కీ పబ్బానికీ ఆ సమాధి చుట్టూ ఊడ్చింది మింద్రానే.

కాబట్టి వుచిరి వాకిట్లో బోడా ఆగినప్పుడు ముసలాడు కర్ర పారేసి వచ్చి వదిన కాళ్ళ దగ్గర చతికిలబడి ఏడ్చాడు. అది దొంగ ఏడుపు కాదు. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పబోయేది విన్నాక మీరు నమ్మరు.

కోడిని కోశారు. ధాన్యంతో కాచిన క్వేటే కల్లు కుండ మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నారు. వుచిరి పెద్దకొడుకు అమోకో షరతులు చెప్పాడు. అతను అజుమని టౌన్లో సిమెంటు కొట్టు నడుపుతాడు, ఇస్త్రీ చొక్కా వేస్తాడు, మాట మెత్తగా ఉంటుంది.

"అక్కా, వాగు అవతల చెలక నీది. పారకి ఇస్తున్నాం, అంటే సాగుకి మాత్రమే. వేరుశనగ వేసుకో, నువ్వులు వేసుకో, జొన్న వేసుకో, ఏడాది పంట ఏదైనా సరే. మామిడి మొక్క నాటొద్దు. ఇటుక గోడ లేపొద్దు. మట్టి గుడిసె వేసుకుని గడ్డి కప్పుకో. నాన్నకి నువ్వు కూతురివే, మాకు అక్కవే, కానీ రేపెవరూ వేలెత్తి చూపకూడదు కదా."

"అలాగే తమ్ముడూ. మామిళ్ళు నాటి నేనేం చేసుకుంటాను."

అక్కడే తప్పు చేసింది. పార అడిగింది, గొయ్యి అడగలేదు. ఎలా అడుగుతుంది? ముసలిది పక్కనే కూర్చుని కోడి మెడ ముక్క చీకుతోంది. బతికున్న మనిషి వినేలా ఆ మనిషికి గొయ్యి అడిగితే చావుని పేరు పెట్టి పిలిచినట్టే. మాలో ఆ మాట ఎవరూ ఎత్తరు. పైగా అడగడం ఎందుకనుకుంది. వుచిరి తండ్రి తమ వాకిట్లో పడుకుని ఉన్నాడు. దీనికి వేరే మాట కావాలా అనుకుంది.

ఆ ఏడాదంతా మింద్రా మహారాణిలా బతికింది. అంజోవా గుడిసె వేసింది, గుమ్మం తూర్పుకి పెట్టింది, వాకిలి పేడతో అలికింది. చెలకలో వేరుశనగ బాగా కాసింది. బోరింగు దగ్గర ఊరి ఆడవాళ్ళు సూటిపోటి మాటలు అనకపోలేదు. "రేషన్ తినేవాళ్ళకి మా నీళ్ళెందుకమ్మా, ఆఫీసువాళ్ళు సీసాల్లో పంపిస్తారుగా" అని ఒకావిడ అంటే, "పంపిస్తారు, కానీ మీ బోరింగు కూడా మా పేరు చెప్పే వేయించారట, రుచి చూద్దామని వచ్చా" అని అంజోవా బిందె పెట్టేది. అందరూ నవ్వేవాళ్ళు. అలాంటి మాటలు ఎముకల్లోకి దిగవు.

సాయంత్రాలు వుచిరి కర్ర పొడుచుకుంటూ వచ్చేవాడు. వదినామరుదులు ఇద్దరూ గుమ్మంలో కూర్చుని ఒకే కుండలోంచి తాగేవాళ్ళు.

"మీ నాన్న చచ్చేముందు ఏమడిగాడో గుర్తుందా?" అనేది మింద్రా.

"చేప అడిగాడు."

"చేప కాదు, చేప తల అడిగాడు. నైలుకి నువ్వు వెళ్ళి నాచు పట్టుకొచ్చావు. చివరికి నేను పక్కింట్లో దొంగిలించి వండిపెట్టా."

"నువ్వు దొంగవని అప్పుడే అనుకున్నా."

"దొంగ వండిన చేప తల తిని చచ్చాడు గనకే పైన తలుపు తీశారు."

ముసలాడు నవ్వీ నవ్వీ దగ్గేవాడు. ఆ నవ్వులు వింటూ అంజోవా లోపల గంజి కలిపేది. తల్లి కోరిన చోటికే తెచ్చాననుకునేది. ఆ మనశ్శాంతి కోసమే కదా ఇంత దూరం వచ్చింది.

వానలు మొదలయ్యే ముందు ఒక తెల్లవారుజామున మింద్రా పోయింది. చెప్పాపెట్టకుండా, నిద్రలోనే. అంజోవా కబురు పంపితే సెటిల్‌మెంటు నుంచి రోజ్, ప్రార్థన చెప్పే మథియాస్, గొయ్యి తవ్వడానికి తమ బ్లాకు కుర్రాళ్ళు నలుగురూ వచ్చారు. ఆడవాళ్ళు ఏడుపు ఎత్తుకున్నారు. అంజోవా గుమ్మానికి ఎదురుగా, గిన్నెలు కడిగే చోటుకి ఇవతల, కాలితో గీత గీసి చూపించింది. కుర్రాళ్ళు చొక్కాలు విప్పి పారలు దింపారు.

మోకాలి లోతు కూడా పోలేదు. అమోకో మోటారుసైకిలు వచ్చి ఆగింది.

"ఇక్కడ తవ్వమని ఎవరు చెప్పారు?"

"నేనే తమ్ముడూ."

"ఆపండి" అన్నాడు కుర్రాళ్ళతో. గొంతు పెంచలేదు. ఆ కుర్రాళ్ళకి అతనెవరో తెలీదు, కానీ ఇస్త్రీ చొక్కా ఎవరిదైనా ఆగిపోవడం వాళ్ళకి బాగా తెలుసు. పారలు పక్కన పెట్టి నిలబడ్డారు. ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కళ్ళే ఆగిపోయారు.

వుచిరి గాదె నీడలో ఊరి మగవాళ్ళు పోగయ్యారు. శవం గుడిసెలో ఉంది, ఎండ ఎక్కుతోంది, వీళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. అంజోవాకి ఒక పీట వేశారు. ఆమె కూర్చోలేదు.

"అక్కా, పెద్దమ్మంటే నాకూ గౌరవమే" అని మొదలుపెట్టాడు అమోకో. "శవపేటిక నేను చేయిస్తా. బండి నేను మాట్లాడతా. నలుగురికీ భోజనం మా ఇంట్లోనే. కానీ సెటిల్‌మెంటులో శ్మశానం ఉంది కదా. అక్కడికి తీసుకెళ్దాం."

"అక్కడ వద్దనే ఇక్కడికి వచ్చింది అమ్మ."

"నేల పారకని ఇచ్చాం. నువ్వు సరేనన్నావు. సమాధి పార కాదు. ఏడాది పంట కాదు. ఒకసారి పెడితే కదలదు. నీ తర్వాత నీ కూతురు వస్తుంది, మా అమ్మమ్మ ఇక్కడుంది, ఈ నేల నాది అంటుంది. నువ్వనవు, నాకు తెలుసు. పిల్లలంటారు."

"అమోకో" అంది అంజోవా. "మీ తాత మా వాకిట్లో ఉన్నాడు. గొయ్యి మా నాన్న తవ్వాడు. రాళ్ళు మా అమ్మ మోసింది. మేం సభ పెట్టామా? కుర్చీలు వేశామా? మీ నాన్న పిల్లలొచ్చి నేల అడుగుతారని మా నాన్న అన్నాడా?"

కుర్చీల్లో కొందరు తలలు ఊపారు. ఆమె చెప్పింది అందరికీ తెలిసిందే. మాట నెగ్గిందనుకుంది అంజోవా.

అమోకో చాలా మర్యాదగా, నిజం చెప్పాడు. అతను అబద్ధాలకోరు కాడు, అదే అతనితో వచ్చిన చిక్కు.

"అందుకే కదక్కా. పోయినేడు నేనూ మా చిన్నాన్న కొడుకూ పాగేరి వెళ్ళాం. మీ వాకిట్లో తాత సమాధి దగ్గర నిలబడి అక్కడి పెద్దతో మాట్లాడాం. మా తాత ఇక్కడ పడుకున్నాడు, ఈ చోట మాకూ భాగముంది అన్నాం. ఆయన రాళ్ళు చూశాడు, కాదనలేకపోయాడు. మీరు ఎలాగూ ఖాళీగా వదిలేసి వచ్చారు. పక్కనే తారురోడ్డు. ఎవడో పరాయివాడు ఆక్రమించేకంటే మనవాళ్ళ చేతుల్లో ఉండడం మంచిది కదా అని. అక్కడ సిమెంటు దింపుకోవడానికి ఒక షెడ్డు వేశాం." ఆగి, మళ్ళీ అన్నాడు. "సమాధి ఏం చేయగలదో మాకు తెలుసు. మేమే చేశాం. అందుకే ఇక్కడ వద్దంటున్నాం."

అంజోవాకి మొదట ఆ మాటలు బుర్రలోకి ఎక్కలేదు. ఎక్కాక, తమ వాకిలి కళ్ళ ముందు కనిపించింది. ఆ రాళ్ళ మీద తను చిన్నప్పుడు జొన్నలు ఎండేసేది. అమ్మ ప్రతి క్రిస్మస్‌కీ ఊడ్చేది. ఊడ్చి ఊడ్చి, ఎవరికీ తెలియకుండా, తన సొంత వాకిలిని వీళ్ళ పేరున పెట్టిందన్నమాట.

ఆమె వుచిరి వైపు తిరిగింది.

"బాబాయ్, ఇది నీకు తెలుసా?"

ముసలాడు కర్ర మొనతో మట్టిలో గీతలు గీస్తున్నాడు.

"అమ్మకి చెప్పావా?"

గీతలు గీస్తూనే ఉన్నాడు. తెలుసు. అన్ని సాయంత్రాలూ తెలుసు. ఒకే కుండలోంచి తాగుతూ, చేప తల కథకి నవ్వుతూ, దగ్గుతూ, తెలిసే ఉన్నాడు. అమోకో మీద ఆమెకి వచ్చింది కోపమే. వుచిరి మీద వచ్చింది అసహ్యం. కోపం ఎప్పటికైనా చల్లారుతుంది, అసహ్యానికి ఆ దారి కూడా ఉండదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. మథియాస్ ఆమె దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. "అంజోవమ్మా, ఇక ఆలస్యం చేయకూడదు. లోపల వేడిగా ఉంది." ఆమెకి తెలుసు. శవానికి పౌరుషం ఉండదు, వాసన ఉంటుంది. ఈ కుర్చీలవాళ్ళకి అదీ తెలుసు, అందుకే తొందరపడటం లేదు.

అప్పుడు వుచిరి నోరు తెరిచాడు. ముసలాళ్ళు మధ్యేమార్గం చెప్తారు కదా, చెప్పాడు.

"వదిన ఇక్కడే ఉండాలనుకుంది. ఉండనీయండి. కానీ దిబ్బ వద్దు. రాళ్ళు వద్దు. శిలువ వద్దు. చదునుగా ఉంచండి. పైన వేరుశనగ వేసుకోమనండి. చూసేవాళ్ళకి అది పొలం. అప్పుడు ఎవరూ ఏమీ అడగలేరు."

మగవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. పెద్దమనిషి మాటంటే అదీ అన్నారు. అమోకో ఆలోచించి తల ఊపాడు. అందరికీ నచ్చింది. చచ్చినామెకి కావలసిన చోటు దక్కింది, బతికినవాళ్ళకి నేల దక్కింది, ఇంక గొడవేముంది?

"నీకు సరేనా అక్కా?"

సరే కాదు. ఒక్క పిసరు కూడా సరే కాదు. కానీ కాదంటే వరస. బండి, తాళ్ళు కట్టిన గీతలు, మేకలు. తల్లి అడిగింది రాళ్ళు కాదు, గుమ్మం అడిగింది. చప్పుళ్ళు వినపడాలంది. దిబ్బ లేకపోతే వినపడవా అని తనకి తనే చెప్పుకుంది. అలా చెప్పుకుంటున్నందుకు తనని తనే తిట్టుకుంది.

"సరే" అంది.

కుర్రాళ్ళు మళ్ళీ పారలు పట్టారు. మథియాస్ ప్రార్థన పొట్టిగా ముగించాడు. గట్టిగా ఏడవొద్దని ఎవరూ అనలేదు గానీ, ఆడవాళ్ళ గొంతులు వాటంతట అవే సన్నబడ్డాయి. మట్టి కప్పాక, గోతిలో మనిషి ఆక్రమించినంత మట్టి బయట మిగిలిపోయింది. ఎప్పుడైనా అంతే మిగులుతుంది, దాంతోనే దిబ్బ కడతారు. ఆ మట్టిని తట్టలతో తీసుకెళ్ళి వాగు గట్టున పోయించాడు అమోకో. తర్వాత కుర్రాళ్ళని పైన నిలబడి తొక్కమన్నాడు. వాళ్ళు అంజోవా వంక చూశారు. ఆమె తల తిప్పుకుంది. వాళ్ళు చెప్పులు విప్పి, నెమ్మదిగా, ముఖాలు దించుకుని తొక్కారు. రోజ్ గుడిసె వెనక్కి వెళ్ళి వాంతి చేసుకుంది.

మొదటి వానకి అంజోవా వేరుశనగ వేసింది. వాకిట్లో పంట ఎవరు వేస్తారు? ఆమె వేసింది. మొలకలొచ్చాయి. దారిన పోయేవాళ్ళు చూసి, బాగా మొలిచిందే అన్నారు.

రెండో వాన జోరుగా పడింది. పొద్దున లేచి గుమ్మం తీస్తే, మొలకల మధ్య నేల కుంగి ఉంది. ఒక మనిషి పడుకునేంత పొడవు, ఒక మనిషి పట్టేంత వెడల్పు. నాలుగు అంచులూ గీసినట్టు తిన్నగా ఉన్నాయి, లోపల నీళ్ళు నిలిచాయి. కొత్త సమాధి కుంగుతుంది, అది ఎవరికి తెలీదు? దాన్ని కప్పిపుచ్చడానికే కదా దిబ్బ పెట్టేది. వాగు గట్టున పోసిన మట్టి వాగులో కొట్టుకుపోయింది.

అమోకో చూశాడు. "అక్కా, ఇది సమాధిలా కనపడుతోంది."

"సమాధే తమ్ముడూ."

"హాస్యాలు కాదు. రేపు మా పొరుగు వంశంవాళ్ళు హద్దులు చూడ్డానికి వస్తున్నారు. పూడ్చు. చదును చెయ్యి."

ఆమె చెలకలోంచి మట్టి తెచ్చి పూడ్చింది. మళ్ళీ కుంగుతుంది కదా అని కాస్త ఎత్తుగా పోసింది. అమోకో సాయంత్రం వచ్చి, చొక్కా చేతులు మడిచి, నేల మట్టానికి కళ్ళు దించి చూశాడు. గోడ కట్టేవాడికి వంకర దొరికినట్టే అతనికి ఎత్తు దొరికింది. ఎక్కువైంది, తీసెయ్ అన్నాడు. తీసేసింది. మళ్ళీ వాన పడింది. మళ్ళీ కుంగింది. మళ్ళీ పూడ్చింది. తల్లి బతికున్నప్పుడు కూడా ఇంత చాకిరీ అడగలేదు.

"ఊరికే పోస్తే ఎలా ఆగుతుంది" అన్నాడు అతను ఒక సాయంత్రం, వాన వెలిశాక. "గట్టిగా తొక్కాలి. తొక్కితే ఆగుతుంది."

గుమ్మంలో నిలబడి విన్నది అంజోవా. అవతల గట్టు మీద వుచిరి కర్ర ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంత్యక్రియల తర్వాత ముసలాడు ఈ వాకిట్లో అడుగు పెట్టలేదు, దూరం నుంచి చూసి పోతాడు.

ఆమె తట్ట దించింది. చెప్పులు విప్పింది. మట్టి పోసి, దాని మీదికి ఎక్కి తొక్కడం మొదలుపెట్టింది. మట్టి మెత్తగా ఉంది, కాలు మడమదాకా దిగుతోంది. ఒక అడుగు తల వైపు, ఒక అడుగు కాళ్ళ వైపు. ఎటు తల ఎటు కాళ్ళో ఆమెకి తెలుసు, తనే పడుకోబెట్టింది. అమోకో అంచున నిలబడి, ఇటు కొంచెం, అటు కొంచెం అని చెప్తున్నాడు. మొదట ఆమెకి ఏడుపొచ్చింది. తర్వాత ఏడుపు ఆరిపోయి ఇంకేదో వచ్చింది.

"చాలక్కా. సమానమైంది."

"కాలేదు తమ్ముడూ. ఈ మూల చూడు. నువ్వూ రా."

"నేనా?"

"నా బరువు చాలట్లేదు. నువ్వు ఒడ్డూ పొడుగూ ఉన్నావు. రా, తొక్కు." ఆమె గట్టు వైపు తిరిగి గొంతెత్తింది. "బాబాయ్, నువ్వూ రా. మీ వదినని తొక్కుదువు గాని."

గట్టు మీద ముసలాడు కదల్లేదు.

అమోకో ఒక అడుగు వెనక్కి వేశాడు. పరాయి కుర్రాళ్ళ చేత తొక్కించాడు, కన్నకూతురి చేత తొక్కించాడు, తన కాలు మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. సమాధి తొక్కితే ఏమవుతుందో వాళ్ళ అమ్మ కూడా చిన్నప్పుడు చెప్పే ఉంటుంది.

"అక్కా, తమాషా చేయకు."

"తమాషా ఏముంది? పొలమేగా. మీరే అన్నారు. పొలంలో నడవడానికి భయమా?"

అతని మోటారుసైకిలు గుడిసెకి అవతల ఉంది. దాని దగ్గరికి పోవాలంటే ఆ చదును నేల మీదుగా నాలుగంగలు చాలు. అతను చుట్టూ తిరిగి, వేరుశనగ మొక్కల్ని తొక్కుకుంటూ, బురదలో బూట్లు కూరుకుపోతుంటే పీక్కుంటూ వెళ్ళాడు. ముసలాడు కూడా గట్టు దిగి వెళ్ళిపోయాడు. వాళ్ళిద్దరూ కనుమరుగయ్యేదాకా అంజోవా చూసింది.

ఆ తర్వాత మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది. ఆ మూల నిజంగానే ఎత్తుగా ఉంది. పొద్దున్నే వచ్చి చూస్తాడు కదా.